ట్రాలీ కొనేటప్పుడు ఇరుసు అడగండి

ఈ సంచికకు ఏదో ఒకటి రాయమని మన క్లబ్ వాళ్లు అడిగితే ముందు వాన మీద కవిత రాద్దామనుకున్నా. రెండు లైన్లు రాసి ఆపేశా. వాన మీద మా జిల్లా వాళ్లు ఇప్పటికే చాలా రాశారు, వాన మాత్రం రాలేదు. అందుకని రెండు నెలలుగా మా ఇంట్లో నడుస్తున్న ఒక గొడవ గురించి రాస్తున్నా. ఆ గొడవ ట్రాలీ గురించి.

మాది అనంతపురం జిల్లాలో ఒక మెట్ట ఊరు. ట్రాక్టర్ బాగానే ఉంది, వెనకాల ట్రాలీ పాతబడింది. కొత్తది చేయించాలి. "నువ్వు కంప్యూటర్ చదువుతాండావు కదా, ఏది మంచిదో చూడప్పా" అన్నాడు నాయన. సరేనని హాస్టల్లో కూర్చుని ట్రాక్టర్, ట్రెయిలర్, యాక్సిల్ అని వెతికా. వచ్చినవన్నీ అమెరికా వీడియోలే. అక్కడ చిన్న ట్రాక్టర్‌ని ట్రెయిలర్ మీదికి ఎక్కించి, గొలుసులతో కట్టేసి, ముందు పికప్ బండి తగిలించి తీసుకుపోతారు. ఆ ట్రెయిలర్‌కి ఒక ఇరుసు చాలా, రెండు కావాలా, కమాన్లు మంచివా, రబ్బరు ఇరుసు మంచిదా అని గంటలు గంటలు వాదించుకుంటారు. మన దగ్గర ట్రాక్టర్‌ని ఎవరూ మోయరు, ట్రాక్టరే అన్నిటినీ మోస్తుంది. అది చెడిపోతే ఇంకో ట్రాక్టర్‌కి గొలుసు కట్టి ఈడ్చుకొస్తాం, అంతే.

మొదట నవ్వొచ్చింది. తర్వాత ఒక విషయం గుచ్చుకుంది. ఒక ఖాళీ ట్రాక్టర్‌ని మోయడానికి వాళ్లు అన్ని ప్రశ్నలు అడుగుతున్నారు. మనం అదే బరువుకు రెండింతలు, మూడింతలు వేసి, దాని పైన మనుషుల్ని కూడా ఎక్కించే ట్రాలీ గురించి రెండే ప్రశ్నలు అడుగుతాం. ఎన్ని టన్నులు పడుతుంది? రేటెంత?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఆ రెండు ప్రశ్నల కంటే ముందు ఇరుసు, కమాన్లు, బ్రేకు గురించి అడగాలి. ఎందుకో చెప్పాలంటే మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి.

రెండేళ్ల కిందట కలుపుకి కూలోళ్లను ఎక్కించుకుని మా ట్రాలీ పోతా ఉంటే, వంక దాటే దగ్గర ఒక చక్రం పెద్ద రాయి ఎక్కి దిగింది. ట్రాలీ పడలేదు, తిరగబడలేదు. ఒక్క ఎగురు ఎగిరింది, అంతే. చివర్లో కూర్చున్న మా వీధి పెద్దమ్మ ఒకామె కింద పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, ఇప్పుడు కర్ర పట్టుకుని ఇంట్లో నడుస్తుంది. చేనికి రాదు. ఊర్లో అందరూ ఆమె టైమ్ బాగాలేదన్నారు. ఆమె కూడా అదే అంది. నాయన ఆసుపత్రి ఖర్చులో సగం ఇచ్చినాడు, దాంతో ఆ మాట ముగిసిపోయింది. మా ట్రాలీకి కమాన్లు లేవు, ఇరుసుని నేరుగా చాసీకి బిగించేశారు అన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను కూడా ఎత్తలేదు. అప్పుడు నాకు ఆ తేడానే తెలీదు.

నేను చదివింది ఇంగ్లీష్ మీడియం. యాక్సిల్ అంటే తెలుసు, ఇరుసు అనే మాట ఏ పుస్తకంలోనూ తగల్లేదు. కొత్త ట్రాలీ గొడవ మొదలయ్యాక అవ్వ దగ్గర కూర్చుంటే నొగ, కాడి, ఇరుసు, కడచీల, కందెన అని ఎద్దుల బండి మొత్తం విప్పి చెప్పింది. "బండికి యాడన్నా కమాన్లు ఉండాయా? మేము అందులో తిరగలేదా?" అని కూడా అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు వెతకడంలోనే నాకు అసలు విషయం తెలిసింది. ఎద్దుల బండికి కమాన్లు లేకపోయినా సరిపోయేది, ఎందుకంటే ఎద్దులు గంటకు నాలుగు కిలోమీటర్లు నడుస్తాయి. రాయి వస్తే చూసి పక్కకు తప్పుకుంటాయి కూడా. ట్రాక్టర్ రోడ్డు మీద గంటకు 28 కిలోమీటర్లు సులువుగా పోతుంది. వేగం ఏడింతలు. కదిలే వస్తువులో ఉండే శక్తి వేగానికి వర్గం లెక్కన పెరుగుతుందని ఇంటర్ ఫిజిక్స్‌లో చదివాం. ఏడేళ్లు 49. అంటే అదే బరువు ఉన్న బండి అయినా రాయికి తగిలేటప్పుడు దానిలో ఉన్న శక్తి 49 రెట్లు. మనం చేసిందేమిటంటే ఎద్దుల బండిని తీసుకుని, చెక్క బదులు ఇనుము పెట్టి, ఎద్దుల బదులు ట్రాక్టర్ కట్టి, ఇరుసు బిగించే పద్ధతి మాత్రం మార్చలేదు.

మరి ట్రాక్టర్‌కే వెనక చక్రాలకు కమాన్లు ఉండవు కదా అని నాయన అడిగినాడు. నిజమే. కానీ ట్రాక్టర్ పుట్టింది దున్నడానికి. వెనక కమాన్లు పెడితే అది పైకీ కిందికీ ఊగుతుంది, నాగలి లోతు నిలబడదు. పైగా డ్రైవర్ సీటుకి స్ప్రింగ్ ఉంది, వెనక టైర్లు పెద్దవి. ట్రాలీలో కూర్చునే వాళ్లకు ఉండేది ఇనుప రేకు.

ఇప్పుడు రకాల సంగతి. నాకు అర్థమైనంతలో నాలుగు ఉన్నాయి.

మొదటిది కమాన్లు లేనిది. ఇరుసుని చాసీకి నేరుగా బిగిస్తారు. చవక. విరిగేది తక్కువ. చేలో మెల్లగా తిరిగే ఎరువు ట్రాలీకి ఇది చాలు. తొట్టి ఎత్తు తక్కువగా ఉంటుంది కాబట్టి పక్కకు వాలడం కూడా తక్కువ. కానీ రోడ్డెక్కితే రాయి దెబ్బ నేరుగా తొట్టికి తగులుతుంది. మధ్యలో కుదుపు తీసుకునేది టైరు ఒక్కటే. ఆ టైరు కూడా తరచుగా పాత లారీ టైరే.

రెండోది కమాను పట్టీలు ఉన్నది. లారీలకు చూస్తుంటాం కదా, ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి యూ బోల్టులతో ఇరుసుకి కట్టేస్తారు. చక్రం రాయి ఎక్కితే చక్రం, ఇరుసు లేస్తాయి, తొట్టి అంతగా లేవదు. పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకోవడం వల్ల ఊగడం కూడా తొందరగా ఆగుతుంది. పట్టీ విరిగితే ఏ ఊర్లో అయినా మార్చుకోవచ్చు.

మూడోది రెండు ఇరుసులు దగ్గరదగ్గరగా పెట్టి, రెండు పక్కలా తక్కెడ దూలంలాంటి దానితో వాటిని కలిపేది. ఒక చక్రం 10 సెంటీమీటర్ల రాయి ఎక్కితే దూలం మధ్యభాగం 5 సెంటీమీటర్లే లేస్తుంది. బరువు ఎప్పుడూ ముందు, వెనక చక్రాలకు పంచబడుతుంది. మనం క్లౌడ్ పాఠంలో లోడ్ బ్యాలెన్సర్ అని దేన్ని చదువుతామో, అది ఇనుముతో చేస్తే ఇదే. ఇబ్బంది ఏమిటంటే మలుపుల్లో టైర్లు పక్కకు ఈడ్చుకుపోయి అరుగుతాయి, రేటు ఎక్కువ. బండలు, ఇసుక తోలేవాళ్లకు పనికొస్తుంది.

నాలుగోది అమెరికా వీడియోల్లో అందరూ పొగిడే రబ్బరు ఇరుసు. చదరపు గొట్టంలో రబ్బరు కడ్డీలు కుక్కి ఉంటాయి. చక్రం లేచినప్పుడు రబ్బరు నలిగి మెలి తిరుగుతుంది. ప్రయాణం మెత్తగా ఉంటుంది, ఒక చక్రం కుదుపు రెండోదానికి పోదు. కానీ రబ్బరు పాడైతే సాధారణంగా ఇరుసు మొత్తం మార్చాల్సిందే. తాడిపత్రి దారిలో మధ్యాహ్నం రెండింటికి అది పాడైతే మనకు దిక్కెవరు? మనకు మంచి సస్పెన్షన్ అంటే మన వెల్డింగ్ షాపు అన్న విప్పి బిగించగలిగేది. అందుకే నా ఓటు కమాను పట్టీలకే.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది, దీన్ని షాపులో ఎవరూ చెప్పలేదు. అయిదు టన్నులకని గట్టి పట్టీలు వేయిస్తాం. కూలికి పోయేటప్పుడు ట్రాలీలో ఉండేది 20 మంది. మనిషికి 50 కిలోలు వేసుకున్నా ఒక టన్ను. అయిదు టన్నుల పట్టీ ఒక టన్నుకి వంగనే వంగదు. అంటే సరుకు ఉన్నప్పుడు మెత్తగా, మనుషులు ఉన్నప్పుడు రాయిలాగా ఉంటుంది. కమాన్లు వేయించాం కదా అని మనం నిశ్చింతగా ఉంటాం, ఎగిరేది మాత్రం ఎగురుతూనే ఉంటుంది. దీనికి మందు లారీల్లోనే ఉంది. కింద కొంచెం మెత్తని పట్టీల కట్ట, పైన విడిగా ఇంకో చిన్న కట్ట. బరువు తక్కువ ఉంటే కింద కట్టే పని చేస్తుంది. బరువు పెరిగి తొట్టి దిగితే పై కట్ట కూడా ఆనుకుంటుంది. దాన్నే హెల్పర్ అంటారు. ట్రాలీకి కూడా హెల్పర్ పెట్టి చేయమని అడగండి.

ఇంకో జాగ్రత్త. విరిగిన పట్టీకి వెల్డింగ్ పెట్టించుకోకండి. కమాను ఉక్కుకి ఉండే బలం వేడి చేసి చల్లార్చిన పద్ధతిలో ఉంటుంది. వెల్డింగ్ వేడికి అది పోతుంది, పక్కనే మళ్లీ విరుగుతుంది.

ఇరుసు మందం సంగతి కూడా లెక్క వేసి చూశా. మన దగ్గర చదరపు ఇనుప కడ్డీ ఇరుసులు వేస్తారు. చదరపు కడ్డీ వంగకుండా తట్టుకునే బలం దాని భుజానికి ఘనం లెక్కన పెరుగుతుంది. 75 మిల్లీమీటర్ల బదులు 90 వేస్తే భుజం 1.2 రెట్లు, బలం 1.2 × 1.2 × 1.2, అంటే దాదాపు 1.73 రెట్లు. ఇనుము బరువు మాత్రం 1.44 రెట్లే. ఈ లెక్క చూపిస్తే నాయన మొదటిసారి ఫోన్ చేతిలోకి తీసుకుని రెండుసార్లు చదివినాడు.

మన జిల్లాలో ఏం మోస్తామో కూడా చూడాలి. వేసవి వస్తే నీళ్ల ట్యాంకర్. కరువు ఏడాదిలో చీనీ చెట్లను బతికించుకోవడానికి ట్యాంకర్లతో నీళ్లు తోలడం మనకు కొత్త కాదు. 5,000 లీటర్లంటే నీళ్ల బరువే 5 టన్నులు. నిండుగా ఉన్న ట్యాంకర్ కంటే సగం ఉన్నది ప్రమాదం, నీళ్లు ముందుకీ పక్కకీ కొట్టుకుంటాయి. లోపల అడ్డు రేకులు లేకపోతే మలుపులో ఆ బరువంతా ఒకవైపు పోతుంది. శెనక్కట్టె దీనికి తిరకాసు. బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ. కమాన్లున్న ట్రాలీ మీద వామిలాగా కట్టె పేరిస్తే అది ఊగుతుంది. కమాన్ల వల్ల వచ్చే నష్టం ఇది, ఒప్పుకోవాలి. కాబట్టి అన్నిటికీ ఒకే ట్రాలీ అనేవాళ్లు కట్టె ఎత్తు తగ్గించి రెండు ట్రిప్పులు వేయాలి. టమాటా, చీనీ తోలేవాళ్లకు మాత్రం కమాన్లు లాభమే. మార్కెట్‌కి చేరేసరికి కాయ నలగదు.

ఇంతవరకు రాశాక నాకే ఒక అనుమానం వచ్చింది. ట్రాలీ మెత్తగా పోతే డ్రైవర్ ఏం చేస్తాడు? స్పీడు పెంచుతాడు. ఇప్పుడు మా ట్రాలీని మెల్లగా పోనిచ్చేది ఆ కుదుపే. దాన్ని తీసేస్తే వేరే ఏదో ఒకటి ఆపాలి. అందుకే కమాన్ల కంటే బ్రేకు ముందు.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ట్రెయిలర్ మొత్తం బరువు సుమారు 3,000 పౌండ్లు, అంటే దాదాపు 1,360 కిలోలు దాటితే దానికి సొంత బ్రేకు ఉండాలి. మన ట్రాలీ ఖాళీగానే ఇంచుమించు అంత ఉంటుంది, బ్రేకు మాత్రం నేను మా చుట్టుపక్కల ఊర్లలో చూడలేదు. రెండు టన్నుల ట్రాక్టర్ తన వెనక రెండు చక్రాల బ్రేకులతో ఆరు టన్నుల ట్రాలీని ఆపాలి. దిగుడులో అది ఆపదు, ట్రాలీనే ట్రాక్టర్‌ని తోస్తుంది. ట్రాక్టర్ పక్కకు తిరిగి మడత పడుతుంది. దీనికి తోడు ట్రాక్టర్‌కి ఎడమ చక్రానికి ఒక బ్రేకు పెడల్, కుడి చక్రానికి ఇంకోటి ఉంటాయి, చేలో మలుపు తిప్పడానికి. రోడ్డెక్కేటప్పుడు రెండింటినీ కలిపే కొక్కెం వేయాలి. ఎంతమంది వేస్తున్నారో మీ ఊర్లో ఒకసారి చూడండి.

2018లో తెలంగాణలో రెండున్నర నెలల తేడాతో రెండు ప్రమాదాలు జరిగాయి. ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర కూలీల ట్రాక్టర్ ఎ.ఎం.ఆర్.పి. కాలువలో పడి తొమ్మిది మంది చనిపోయారు. జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర మూసీ కాలువలో ట్రాక్టర్ పడి 15 మంది చనిపోయారు. చనిపోయిన వాళ్లలో ఎక్కువమంది చేలో పనికి పోతున్న ఆడవాళ్లు. 2022 అక్టోబర్ 1న కాన్పూర్ జిల్లా ఘాటంపూర్ దగ్గర గుడికి వెళ్లొస్తున్న ట్రాలీ చెరువులో బోల్తా పడి పాతిక మందికి పైగా చనిపోయారు. వీటికి కారణం కమాన్లు లేకపోవడమే అని నేను అనడం లేదు, ఒక్కో ప్రమాదానికి ఒక్కో కారణం ఉంటుంది. నేను అనేది ఒకటే. మన జిల్లాలో కూడా హంద్రీ-నీవా కాలువ వచ్చింది. నీళ్లొచ్చినందుకు సంతోషమే. కానీ ఇప్పుడు మన ట్రాలీలు కూడా కాలువ గట్ల మీద తిరుగుతున్నాయి. కట్టె తోలే బండిని ఆ గట్టు మీద మనుషులతో నడుపుతున్నాం.

ఇక్కడ ఒకరు అడగొచ్చు. అసలు ట్రాలీలో మనుషుల్ని ఎక్కించడమే తప్పు కదా, దానికి మెత్తని కమాన్లు ఎందుకు? తప్పే. ట్రాలీ సరుకు బండి. 1988 మోటారు వాహనాల చట్టం ట్రాక్టర్‌ని, ట్రెయిలర్‌ని విడివిడిగా నిర్వచించింది, రెండింటిలోనూ ప్రయాణికుల మాట లేదు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట ఎత్తే అభ్యంతరం కూడా ఇదే. నేను చట్టం మార్చమనడం లేదు. కానీ మా ఊరి నుంచి చేనికి బస్సు లేదు. ఆటో ఎక్కించినా అందులో పదిహేను మంది. రేపు ఉదయం ఆరు గంటలకు కూడా ఎవరో ఒకరు ట్రాలీ ఎక్కుతారు. చట్టం అమలయ్యే రోజు దాకా వాళ్లు కింద పడకుండా చూడటం ట్రాలీ యజమాని బాధ్యత. మా విషయంలో ఆ యజమాని మేమే.

రెండో అభ్యంతరం డబ్బు. ఇది నాయనది. హెల్పర్ కమాన్లు, 90 ఇరుసు, బ్రేకు అన్నీ కలిపి షాపతను చెప్పిన తేడా దాదాపు రెండెకరాల శెనక్కాయ పెట్టుబడి అంత. "వాన పడకపోతే ఆ రెండెకరాలు ఎట్లా పోతాయో నీకు తెలుసా?" అన్నాడు. తెలుసు నాయనా అని చెప్పా. ఆ పెట్టుబడి పోతే మళ్లీ ఏడాది చూస్తాం. పెద్దమ్మ తుంటి మళ్లీ ఏడాది రాదు. ఈ మాట అన్నాక ఆయన ఏమీ మాట్లాడలేదు, లేచి బయటికి పోయినాడు. నేను కాస్త గట్టిగా అన్నానేమో అని ఆ రాత్రంతా అనిపించింది. ఎందుకంటే ఆయన ఆమెను మరిచిపోలేదని నాకు తెలుసు. ఆమె ఇంటికి ప్రతి సుగ్గిలో శెనక్కాయ మూట పంపేది ఆయనే.

అన్నీ ఒకేసారి కుదరకపోతే ఏది ముందు అని అడిగితే నా వరస ఇది. మొదట హుక్కు, మంచి పిన్ను, పిన్ను జారినా ట్రాలీ విడిపోకుండా ఒక గొలుసు. దీనికయ్యేది చాలా తక్కువ. తర్వాత బ్రేకు. తర్వాత మందమైన ఇరుసు, సరైన బేరింగులు, నమ్మదగిన టైర్లు. ఆ తర్వాత హెల్పర్‌తో కమాన్లు. చివర్లో అనుకుంటాం కానీ మొదటే చేయగలిగేది, వెనకాల ఎర్ర రిఫ్లెక్టర్లు. రాత్రి రోడ్డు పక్కన లైటు లేని ట్రాలీ ఆపితే వెనక వచ్చే బైకు వాడికి అది కనిపించదు.

ఇంకొకటి అడగండి. అమెరికా ట్రెయిలర్ మీద ఒక ప్లేటు ఉంటుంది, మొత్తం ఎంత బరువు దాటకూడదో దాని మీద ఉంటుంది. అందులోంచి ట్రెయిలర్ సొంత బరువు తీసేస్తే మిగిలేదే మనం వేయగలిగే సరుకు. మన వెల్డింగ్ షాపు ట్రాలీల మీద తయారు చేసినవాళ్ల ఫోన్ నంబర్ ఉంటుంది, దేవుడి పేరు ఉంటుంది, బరువు ఉండదు. ఇరుసు ఎన్ని టన్నులదో, ట్రాలీ ఖాళీ బరువెంతో తొట్టి మీద పెయింట్‌తో రాసివ్వమని అడగండి. అడిగేవాడు ఉంటే రాసేవాడు ఉంటాడు.

ఈ పత్రిక చదివే మీలో సగం మంది ఇళ్లల్లో ట్రాక్టర్ ఉంటుందని నాకు తెలుసు. మెకానికల్ వాళ్లు నా లెక్కల్లో తప్పుంటే చెప్పండి, సంతోషంగా దిద్దుకుంటా. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక్క పని చేయండి. మీ ట్రాలీ కిందికి వంగి చూడండి. ఇరుసు చాసీకి నేరుగా తగిలి ఉందా, మధ్యలో కమాన్లున్నాయా? బ్రేకు డ్రమ్ము ఉందా? చూశాక ఇంట్లో ఆ మాట ఎత్తండి. మన చదువు ఇంట్లో పనికొచ్చే చోటు ఇలాంటిది ఒకటైనా ఉండాలి కదా.

మా గొడవ ఇంకా తేలలేదు. మొన్న ఫోన్ చేసినప్పుడు నాయన చివర్లో ఒకటి అడిగినాడు. "ఆ హెల్పర్ కట్టలో ఎన్ని పట్టీలు వేయమనాల?" షాపతన్ని అడిగి చెప్తానన్నా.